ఉప్పుదీవి కోట చివరి భాగం

పెంచలప్రసాద్ గారి ఇంటి ముందు నిలబడి నేను పెట్టిన కేకలకి ఆ వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. తెరుచుకోనీ. మైపాడులో ఒక మనిషికి రోజురోజుకీ చూపు ఆరిపోతుంటే, ఈయన ఏడు నెలలుగా రెండు తుప్పు పిన్నుల కోసం అలిగి ఇంట్లో కూర్చున్నాడు. అలాంటి మనిషితో గేటు బయట నిలబడి మాట్లాడటమే ఎక్కువ మర్యాద అనిపించింది నాకు.

పిన్నులంటే పుస్తకం వెన్నులో గుచ్చే పిన్నులే. సంగతి మొదటి నుంచీ చెప్తే తప్ప మాకు పిచ్చి లేదని మీరు నమ్మరు. చెప్పాక కూడా నమ్మకపోవచ్చు.

నా పేరు సుభాషిణి. కావలిలో రైల్వే స్టేషన్ దగ్గర నాకొక స్టేషనరీ షాపు ఉంది. పాత బొమ్మల కథల పుస్తకాలు పోగుచేసే జబ్బు కూడా ఉంది. పెళ్ళయిన కొత్తలో అది తగ్గుతుందని మా ఆయన ఆశపడ్డాడు. ఇప్పుడు ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే ఆయనే బీరువా తీసి చూపిస్తాడు, ఇదిగో మా ఆవిడ సంపాదించిన ఆస్తి అని.

పెంచలప్రసాద్ గారు కోర్టులో గుమాస్తా. పాత పేపర్ల కొట్లో ఒకే కట్టని చెరోవైపు పట్టుకుని లాక్కుంటూ ఆయనతో పరిచయమైంది. కట్ట ఆయనకి పోయింది, స్నేహం నాకు మిగిలింది. గిరిబాబు తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటలు చేస్తాడు. మాలో అందరికన్నా చిన్నవాడు, నోరు మాత్రం అందరికన్నా పెద్దది. ఇక గంగాధరం అన్నది మైపాడు. పడవ మీద వేటకి పోయే మనిషి. పాత పుస్తకాల వాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న గుంపులో ఒకరోజు ఆయన ఒక అట్ట ఫొటో పెట్టాడు. ఆ అట్ట మీద చేప పొలుసు అంటుకుని ఉంది. అందరూ నవ్వుతూ కామెంట్లు పెట్టుకున్నారు. మేం ముగ్గురం మాత్రం ఆదివారం బస్సెక్కి మైపాడు పోయాం. ఎందుకంటే అది ‘ఉప్పుదీవి కోట’ అనే ఇరవై నాలుగు భాగాల బొమ్మల కథలో తొమ్మిదో భాగం. దాన్ని అంతకు ముందు మాలో ఎవరూ కళ్ళతో చూడలేదు.

అప్పటి నుంచి నెలకో ఆదివారం గంగాధరం అన్న ఇంట్లో చేరేవాళ్ళం. ఆయన భార్య నాగులమ్మ వదిన చేపల పులుసు పెట్టేది. తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆరబెట్టుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు చాప మీద కూర్చునేవాళ్ళం. చెయ్యి తడిగా ఉంటే గంగాధరం అన్న పుస్తకం దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. మధ్యలో పుస్తకం, చుట్టూ నలుగురం. నేను రాజకుమార్తె మాటలు చదివేదాన్ని, గిరిబాబు దుర్మార్గుల మాటలు. దెబ్బలూ పేలుళ్ళూ పెంచలప్రసాద్ గారివి. కోర్టులో నోరెత్తని మనిషి, ఇక్కడ ‘ధడేల్’ అని అరిస్తే పక్కింట్లో కోళ్ళు లేచి పరిగెత్తేవి. గంగాధరం అన్న ఏమీ చదివేవాడు కాదు. పేజీ తిప్పేవాడు. పై మూలని రెండు వేళ్ళతో లేపి, అరచెయ్యి అడుగున పెట్టి నెమ్మదిగా వాల్చేవాడు. సర్రుమని చిన్న చప్పుడొచ్చేది. ఆ చప్పుడు వచ్చేదాకా అవతలి పేజీ మీదికి ఎవరి కళ్ళూ పోకూడదు.

ఏ పుస్తకం మొదటి పేజీలో ఏ పిల్లవాడు పేరు రాసుకున్నాడో, ఎవరు ఏ బొమ్మకి మీసాలు పెట్టారో, పులుసు మరక ఏదో, చీమిడి మరక ఏదో, గంటలు గంటలు వాదించుకునేవాళ్ళం. ఇంట్లో ఇంత సంతోషం నాకు లేదని కాదు. కానీ ఇలాంటిది ఇంకెక్కడా లేదు. అది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు.

దొరికిన పుస్తకాన్ని నలుగురూ చేరేదాకా తెరవకూడదన్న కట్టుబాటు గంగాధరం అన్నదే. ఒకసారి పెంచలప్రసాద్ గారు పదిహేడో భాగం బస్సులోనే చదివేసి, దిగీ దిగగానే ‘రాజు చచ్చిపోయాడు’ అనేశాడు. గంగాధరం అన్న ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. సాయంత్రం మేం లేవబోతుంటే చెప్పాడు, ఇక మీదట ఎవరికి ఏది దొరికినా నలుగురం ఉంటేనే అట్ట తిప్పాలని. మేం దానికి ‘విప్పడం’ అని పేరు పెట్టుకున్నాం. నాకు కడుపులో గడ్డ తీసినప్పుడు ఇరవయ్యో భాగం ఆయనకి నెల్లూరులో దొరికింది. నేను మంచం దిగేదాకా మూడు నెలలు దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాడే తప్ప తెరవలేదు. నా అన్నదమ్ములు కూడా నాకోసం దేనికీ అన్ని రోజులు ఆగలేదు.

అలా ఇరవై మూడు భాగాలు చేరాయి. మిగిలింది ఇరవై నాలుగు, ఆఖరిది. ఎనభై మూడులో దీపావళికి మద్రాసులో అచ్చయింది. ప్రత్యేక సంచిక అని మొత్తం నున్నటి ఆర్టు పేపరు మీద వేశారు. ఆ కంపెనీ ఆ నెలే మూతపడింది. పుస్తకాలు సగం గోడౌన్‌లోనే ఉండిపోయాయని అంటారు. ఇరవై మూడో భాగం చివరి బొమ్మలో చుక్కాని పట్టే రంగడు లాంతరు ఎత్తుకుని కోట అడుగున రాతి తలుపు తోస్తాడు. లోపలి వెలుగు అతని ముఖం మీద పడుతుంది. ముఖమే కనిపిస్తుంది, లోపల ఏముందో కనిపించదు. ‘రంగడు చూసినదేమిటి?’ అని అడిగి వదిలేశారు. అది చదివిన రోజు గంగాధరం అన్నకి పన్నెండేళ్ళు. వాళ్ళ నాయన వలలు బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని చదివాడట. వచ్చే నెల, వచ్చే నెల అని నలభై ఏళ్ళు ఎదురుచూశాడు. పడవ నడిపే వాడు వీరుడైన కథ తన బతుకులో అదొక్కటే వచ్చిందని, అది కూడా సగంలో ఆగిపోయిందని అంటుండేవాడు.

షుగర్ ఆయన కళ్ళ మీద పడింది. ముందు కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి నెల్లూరులో సూదులు వేయించుకున్నాడు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూస్తామే గానీ పోయింది రాదని, ఇది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టరు చెప్పాడు. వేట మానేశాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో బొమ్మని ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగులూ ఆకారాలూ ఆనేవి. ఆయన వేరే ఏమీ కోరలేదు.

“ఈ కన్ను కూడా పొయ్యేలోపల ఆ తలుపెనకాల ఏముందో చూస్తే చాలమ్మా” అన్నాడు నాతో ఒకసారి.

పోయిన నవంబర్‌లో అది దొరికింది. కావలిలో ఎప్పుడో మూతపడ్డ ఒక అద్దె పుస్తకాల షాపు వాళ్ళు కట్టలు బయటపడేస్తుంటే పెంచలప్రసాద్ గారి కంటపడింది. నాకు ఫోన్ చేసి ‘ఇరవై నాలుగు, ఇరవై నాలుగు’ అని మాత్రం అన్నాడు. బాగున్నారా అని నేనే అడగాల్సి వచ్చింది. ఈసారి అట్ట కూడా ఎత్తలేదు పాపం, లుంగీలో చుట్టి దాచి ఆదివారం మైపాడు తెచ్చాడు.

ఆ రోజు వాయుగుండం. ఒకటే వాన. మధ్యాహ్నానికే ఇంట్లో లైటు వేసుకోవాల్సి వచ్చింది, అంతలోనే కరెంటు కూడా పోయింది. లుంగీ విప్పేసరికి పుస్తకం చెమ్మగా ఉంది. అయినా ఎంత బాగుందో. అట్ట మీద నీలం రంగు చీకటి, రంగడి చేతిలో పసుప్పచ్చ లాంతరు. గంగాధరం అన్న ఎంత దగ్గర పెట్టుకున్నా ఆయనకి నలుపే కనిపించింది. ‘ఈ ఎలుతుర్లో వొద్దు, వచ్చే ఆదివారం ఎండలో విప్పుదాం’ అన్నాడు. వారమే గదా అనుకున్నాం.

అప్పుడే పెంచలప్రసాద్ గారు పిన్నులు చూశాడు. తుప్పు పట్టాయి, వారంలో కాగితాన్ని తినేస్తాయి, ఇప్పుడే పీకేయాలి అన్నాడు. గిరిబాబు ఒప్పుకోలేదు. అచ్చేసిన రోజు గుచ్చిన పిన్ను పుస్తకంలో భాగమేనని, దాన్ని పీకడం తాళి తెంచడం లాంటిదని అన్నాడు. పిన్ను ముఖ్యమా కాగితం ముఖ్యమా అని ఆయన, దొరికించుకున్నంత మాత్రాన సొంతదారు అయిపోతావా అని వీడు. బయట వాన కన్నా లోపల గోల ఎక్కువైంది. చివరికి గిరిబాబు ‘పదిహేడో భాగం బస్సులో మింగినోడివి, నువ్వు చెప్పబాక’ అన్నాడు. పెంచలప్రసాద్ గారు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వానలోనే వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక గిరిబాబు, పుస్తకానికి ఇంక చెమ్మ తగలకూడదని, తన వ్యాన్‌లో ఉన్న మిషను తెచ్చాడు. రొయ్యల మేత శాంపిళ్ళని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి లాగేసి అంచులు అతికించే మిషను అది. పక్కింటి జనరేటర్ నుంచి వైరు లాగి, పుస్తకాన్ని దళసరి కవర్లో పెట్టి అతికించేశాడు. విదేశాల్లో పెద్ద పెద్ద వాళ్ళు కూడా ఇట్టాగే దాస్తారు, వీడియోల్లో చూశానన్నాడు. కవరు అద్దంలా బిగుసుకుంది. ముచ్చటపడి చూశాం అందరం. బయటి చెమ్మ లోపలికి పోదు, నిజమే. లోపలి చెమ్మ ఎటు పోతుందన్నది మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు, కాగితాలమ్ముకుని బతికే నాతో సహా. గంగాధరం అన్న దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

విప్పుదామనుకున్న ఆదివారం పెంచలప్రసాద్ గారు రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. నేను ఫోన్ చేస్తే, గిరిబాబు వచ్చి తప్పయిందని చెప్పాలన్నాడు. గిరిబాబుని అడిగితే, నా తప్పేముంది, పిన్ను పిన్నేనన్నాడు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. ఆయన్ని వదిలేసి విప్పుదామని గంగాధరం అన్నకి ఎన్నిసార్లు చెప్పానో. కన్ను కోసమన్నా వినమన్నాను.

“తెచ్చినోడు లేకుండా విప్పితే అది దొంగతనం గదమ్మా. వస్తాడులే, యాడికి పోతాడు” అన్నాడు.

వేసవి వచ్చింది. ఆ రేకుల ఇంట్లో, ఆ ఇనప బీరువాలో పుస్తకం ఉడికింది. ఎవరికీ దాని మీద ధ్యాస లేదు, అందరికీ పంతాల మీదే ధ్యాస. మే నెలలో గంగాధరం అన్న ఎడమ కంట్లో నెత్తురు దిగింది. ఆస్పత్రి నుంచి వచ్చాక నాగులమ్మ వదిన నాకు ఫోన్ చేసి, ఎండలో కూచున్నా రంగులు అలికినట్టు తప్ప ఏమీ ఆనడం లేదంట, అది కూడా ఉండదంట, అని చెప్పింది. నేను షట్టరు దించి నేరుగా పెంచలప్రసాద్ గారి ఇంటికి పోయాను. మొదట్లో చెప్పిన కేకలు అవే.

ఎడమ కంట్లో నెత్తురు దిగిన సంగతి ఆయనకి తెలీదు. విన్నాక గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు. ఆదివారం వస్తానన్నాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడా అనిపించింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. బస్సు దిగేసరికి రోడ్డు మీద గిరిబాబు నిలబడి ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ, పెంచలప్రసాద్ గారి చేతిలో సంచి గిరిబాబు అందుకున్నాడు. గంగాధరం అన్న చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, వాకిట్లో ఎండలో చాప వేయించుకుని కూర్చున్నాడు. పెంచలప్రసాద్ గారి గొంతు వినగానే ఆయన ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను. ‘నలుగురం ఉండాం’ అన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఆరిపోయాయో లేదో అరచేతులు మాకు చూపించాడు.

కవరు మీద ఎండ పడేసరికి లోపల మూలల్లో నీటి బొట్లు మెరిశాయి. నేను చూశాను. గిరిబాబు కూడా చూశాడు. వాడు కత్తెరతో అంచు కత్తిరించగానే బూజు వాసన కొట్టింది. గంగాధరం అన్న పుస్తకాన్ని ఎడమ కంటికి ఆనించుకుని, ఎండకి అటూ ఇటూ తిప్పాడు.

“పసుపు. ఇదే గదా లాంతరు” అన్నాడు.

అదేనన్నాను. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత పుస్తకాన్ని చాప మీద పెట్టి పై మూలని రెండు వేళ్ళతో లేపబోయాడు. అది లేవలేదు. తన చెయ్యే సరిగ్గా పడలేదనుకున్నాడు, ఇంకోసారి చూశాడు. ‘నా వల్ల కావడం లేదు, ఇయ్యాలకి నువ్వు తిప్పు ప్రసాదూ’ అన్నాడు.

పెంచలప్రసాద్ గారు అందుకున్నాడు. మూల లేపాడు, అంచు లేపాడు, సంచిలోంచి పల్చటి స్కేలు తీసి సందు కోసం వెతికాడు. సందు లేదు. ఆర్టు పేపరు చెమ్మకి కరిగి, ఎండకి ఉడికి, బిగిసిన కవర్లో ఒకదానికొకటి కరుచుకుపోయింది. కొంచెం గట్టిగా లాగేసరికి అట్ట మీద రంగడి చెయ్యి పొరలాగా ఊడి స్కేలుకి అంటుకొచ్చింది, లాంతరుతో సహా. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. పుస్తకం మొత్తం ఒకటే ముద్ద. నలభై ఏళ్ళు ఎవరి ఇంట్లోనో, ఏ మూలనో క్షేమంగా ఉన్న పుస్తకం, అంత ఇష్టపడ్డ మా దగ్గరికి వచ్చి చచ్చింది. నాకు ఏడుపు రాలేదు. అందర్నీ చెంప మీద కొట్టాలనిపించింది, ముందు నన్నే.

“ఏందిరా, ఎవురూ మాట్లాడరు?” అన్నాడు గంగాధరం అన్న.

అప్పుడు గిరిబాబు గొంతు సవరించుకున్నాడు. దుర్మార్గుల మాటలు చదివే గొంతు కాదు, ఎప్పుడూ వినని మెత్తటి గొంతు. తలుపు తెరుచుకుందన్నా, అన్నాడు. రంగడు లోపలికి పోయినాడు. లోపల సముద్రమే ఉంది, ఆ సముద్రంలో వాళ్ళ నాయన పడవ ఉంది, పడవ నిండా దీపాలున్నాయి. వాడికి అంత బాగా చెప్పడం వచ్చని నాకు తెలీదు. పెంచలప్రసాద్ గారు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ పడవ మీదికి రంగడు ఎక్కుతాడని గిరిబాబు చెప్తుంటే గంగాధరం అన్న చెయ్యెత్తాడు.

“పేజీ చప్పుడు రాలేదే గిరీ” అన్నాడు.

గిరిబాబు ఆగిపోయాడు. వాకిట్లో వలలు ఆరేసిన చోట కాకులు అరుస్తున్నాయి.

“అంటకపొయిందా?”

“అంటకపొయిందన్నా” అన్నాడు పెంచలప్రసాద్ గారు.

“మొత్తమా?”

“మొత్తం.”

గంగాధరం అన్న చెయ్యి చాపితే పుస్తకం ఇచ్చాను. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని బరువు చూశాడు. వంచబోయాడు, వంగలేదు. వేలి మెటికతో ఒకసారి తట్టాడు. పలకని తట్టినట్టు వినిపించింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“మీ కోసం ఆగినా గదమ్మా” అన్నాడు నా వైపు తిరిగి.

అంతే అన్నాడు. తర్వాత గిరిబాబుని పిలిచి, దాన్ని కవర్లో పెట్టి మళ్ళీ అతికించేయమన్నాడు. పిన్నులు ఉండాయా అని మాత్రం అడిగాడు. ఉన్నాయన్నా, రెండూ ఉన్నాయి అన్నాడు పెంచలప్రసాద్ గారు. నాగులమ్మ వదిన అన్నం తినిపొమ్మంది. ఎవరం తినలేదు. గిరిబాబు వ్యాన్ అక్కడే వదిలేసి మాతో బస్సెక్కాడు. వాళ్ళిద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. దిగేటప్పుడు గిరిబాబు ఆయన భుజం పట్టుకుని ఏడ్చాడు. తప్పయింది ప్రసాదన్నా అన్నాడు. ఆ మాట నవంబర్‌లో అని ఉంటే సరిపోయేది. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలి?

మళ్ళీ నెల ఆదివారం వచ్చింది. గిరిబాబు గుంటల్లో వైరస్ అని మెసేజ్ పెట్టాడు. పెంచలప్రసాద్ గారు ఫోన్ ఎత్తలేదు. నేను షాపు తెరిచి కూర్చున్నాను. ఆదివారాలు షాపు తెరవడం నాకు అలవాటు లేదు. మధ్యాహ్నం నాగులమ్మ వదిన ఫోన్ చేసింది. పులుసు పెట్టాను, బయల్దేరారా అని అడిగింది.

“పొద్దున్నించి వాకిట్లోనే కూచోనుండాడు. చాప ఏపిచ్చుకున్నాడు. చేతులు కడుక్కున్నాడు. బస్సొచ్చిందా, బస్సొచ్చిందా అని నా పానం తీస్తా ఉండాడు” అంది.

“షాపులో జనం ఎక్కువగా ఉన్నారు వదినా, వచ్చే నెల వస్తాను” అన్నాను.

ఎవరు, సుభాషిణమ్మేనా అని ఆయన వెనక నుంచి అడగడం నాకు వినపడింది. ఫోన్ పెట్టేశాను. షాపులో నేను తప్ప ఎవరూ లేరు.